తల్లి యిచ్చిన విద్య

తండ్రి సంపాదించిన పొలము పత్రములతో బిడ్డలకు సంక్రమించును. తల్లి మనసున పుట్టిన తలంపునకు పత్రములు లేవు. స్త్రీ చదువవలెను, స్వయముగా ఆలోచింపవలెను అను భావము తల్లినుండి కూతునకు ఎట్లు చేరును? ఉపన్యాసములకంటె ఇంటిలో నిత్యము జరుగు పనులవలననే అది యెక్కువగా చేరునని నా యభిప్రాయము.

ఇందులకు పండిత రమాబాయి కుటుంబమే నిదర్శనము. ఆమె తండ్రి అనంతశాస్త్రి తన భార్యయగు లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పెను. ఆడుదానికి దేవభాష యేల యని పలువు రాక్షేపించిరి. ఆయన లెక్కచేయక పడమటి కనుమలలోని గంగామూలమను అడవికి కాపురము మార్చెను. 1858లో రమాబాయి అచ్చటనే జన్మించెను. ఆమెకు చదువు చెప్పినది తల్లియే. తెల్లవారకముందే కూతును బుజ్జగించి లేపి లక్ష్మీబాయి పాఠము చెప్పుచుండెను. తరువాత కరవు కాలమున తల్లిదండ్రులు గతించిరి. ఆస్తి మిగులలేదు, విద్య మిగిలెను.

తల్లి తన బిడ్డకు నేర్పినదానిని ఆ బిడ్డ పదుగురికి పంచెను. 1882లో రమాబాయి పూనాలో ఆర్యమహిళా సమాజమును స్థాపించెను. 1889లో బొంబాయిలో వితంతువులకొరకు శారదాసదనమును తెరచెను. ఆమె కుమార్తె మనోరమ పెరిగి తల్లి పనిలో తోడయ్యెను.

అయితే రమాబాయి అన్నిట తల్లి త్రోవనే నడువలేదు. 1883లో ఇంగ్లండున క్రైస్తవమతమును స్వీకరించెను. అయినను 1887లో హిందూస్త్రీల కష్టములనుగూర్చి ఆంగ్లమున వ్రాసిన గ్రంథమును తల్లి స్మృతికే అంకితమిచ్చెను. తల్లి యిచ్చిన బుద్ధితో స్వయముగా ఆలోచించుటయు మాతృఋణము తీర్చుటయే. పెద్దలు దీనిని ధిక్కారమని తలపరాదు. పిల్లలు దీనిని నెపముగా గొని పెద్దలను చులకన చేయరాదు.

కూతుండ్ర చదువు మాన్పించు తల్లులు లేరా యని కొందరడుగవచ్చును. కలరు. లోకమునకు వెరచి బ్రతికిన తల్లి బిడ్డకు ఆ వెరపునే యిచ్చును. అట్టి తల్లిని నిందించిన ప్రయోజనము లేదు. ఆమెకు ధైర్యము చెప్పువారు ఇంటిలో నుండవలెను. అనంతశాస్త్రి యట్టివాడు. బాలురు ఈ సంగతి మరువరాదు.

బాలబాలికలారా! మీ యింట అవ్వకు అక్షరములు రానిచో ఆమె చెంత కూర్చుండి నేర్పుడు. ఆమె చిన్ననాట ఏమి కోరెనో, ఏది దొరకలేదో అడిగి తెలిసికొనుడు. నీరు పల్లమునకే పారును. విద్య మెట్టకును ఎక్కగలదు.