దోచినవాణ్ని వదిలి రైతును తిడతారా?

2024 జూలై 18న రాష్ట్రంలో లక్ష లోపు పంట రుణాల మాఫీ మొదలైంది. డబ్బు పడిందా లేదా అని మనం ఫోన్లు చూసుకుంటున్న రోజుల్లోనే, బ్యాంకు బొమ్మ పెట్టుకున్న వాట్సాప్ నంబర్ల నుంచి ఏపీకే ఫైళ్లు దిగాయి. తర్వాత పీఎం కిసాన్ పేరుతోనూ వచ్చాయి. అదును చూసి విత్తడం దొంగకూ తెలుసు.

ఆ ఫైలు ఎక్కించి అడిగిన అనుమతులన్నీ ఇస్తే మన మెసేజ్‌లు వాడు చదువుతాడు. ఓటీపీ మనం చెప్పనక్కర్లేదు. పైగా మన నంబరు నుంచే అదే ఫైలు సంఘం గ్రూపులోకి పోతుంది. తెలిసిన మనిషి పంపినా తెరవొద్దనేది అందుకే.

ఇంత జరిగాక 'రైతుకు అత్యాశ' అంటున్నారు. మేము ఒప్పుకోం. రావాల్సిన 2,000 రూపాయల కిస్తు కోసం చూడటం అత్యాశా? కేవైసీ ఫోన్లోనే, జాబితా ఫోన్లోనే. కౌంటరు దగ్గర అడిగితే 'ఆన్‌లైన్‌లో చూస్కో' అంటారు. మరి లింకు నొక్కడం నేర్పిందెవరు? ఊళ్లో రెండెకరాలుండి అంబర్‌పేటలో, నాచారంలో కూలి చేసుకునే మనవాళ్లకు రైతు వేదిక దాకా పోయి అడిగే వీలూ లేదు. జాబితాలు పంచాయతీ గోడకు అంటించండి. పేరు లేకపోతే కారణం కాగితం మీద రాసివ్వండి.

డబ్బు పోతే వెంటనే నెట్ ఆపి, వేరే ఫోను నుంచి 1930కి, బ్యాంకుకు చెప్పండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. బ్యాంకుకు తెలిపిన తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే చెప్పింది. 'తప్పు నీదే' అని మేనేజరు పంపించేస్తే ఆ నంబరు పట్టుకుని సంఘం దగ్గరికి రండి, కలిసే పోదాం.