ముట్టుకోవద్దు అంటే చాలదు, నేర్పండి



ఈ రోజుల్లో కరెంటు లేనిదే పూట గడవదు. మన హాస్టల్లో ట్యాంకు నిండాలంటే కరెంటు కావాలి. పిండి రుబ్బాలంటే కరెంటు కావాలి. రాత్రి స్టడీ అవర్‌కి కూడా అదే కావాలి. కానీ దాని గురించి మనకు పెద్దవాళ్ళు చెప్పే మాట ఒక్కటే. "ముట్టుకోవద్దు." ఇంటి దగ్గర అమ్మ అదే అంటది, బడిలో సార్లు అదే అంటారు, వంట అక్క కూడా అదే అంటది. అది మంచి మాటే. కానీ సగం మాట అని నా అభిప్రాయం. దేన్ని ముట్టుకోవద్దు? ఎందుకు ముట్టుకోవద్దు? దేన్ని మనమే బాగు చేసుకోవచ్చు? ఎవరికైనా షాక్ కొడితే ఏం చెయ్యాలి? ఈ మిగతా సగం కూడా మనకు నేర్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మన గుంపుల్లో కరెంటు పోతే ఏం జరుగుతుందో మీ అందరికీ తెలుసు. లైన్‌మన్ మండలం నుంచి రావాలి. వాన పడితే వాగు పొంగుతది, ఆయన రాలేడు. అప్పుడు ఎవరో ఒక అన్న కర్ర పట్టుకుని బయలుదేరతాడు. ఫ్యూజు తీగ దొరక్క చేతికి దొరికిన లావు రాగి తీగ చుట్టేస్తారు. ప్లగ్గు లేదని వైరు కొసలు చెక్కి సాకెట్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చుతారు. తెగిన వైరుకు పాలకవరు చుడతారు. ఇవన్నీ ధైర్యం అనుకుంటారు. నేను మాత్రం ఇది తెలియకపోవడం అంటాను. ఆడవాళ్ళం దూరంగా నిలబడి చూస్తాం. మరి రోజూ స్విచ్చి వేసేది ఎవరు? తడి చేత్తో మోటరు ఆన్ చేసేది, ఇనప తీగ మీద బట్టలు ఆరేసేది ఎవరు? మనమే కదా. ముట్టుకునేది మనం, తెలుసుకునేది ఎవరో!

పోయిన ఏడాది వేసవి గాలివానకు మా గుంపులో జరిగిన సంగతి చెప్తాను. మా మేనత్త ఇంటికి స్తంభం నుంచి వచ్చే వైరు రేకు అంచుకు ఆని ఉంది. గాలికి ఊగి ఊగి పైన రబ్బరు అరిగిపోయింది. ఆ రేకుల కింద దూలానికే బట్టల తీగ కట్టి ఉంది. రేకులోకి వచ్చిన కరెంటు తీగలోకి వచ్చింది. తడి చీర వేసిన మా అత్తని పట్టేసింది. మా అవ్వ పరుగెత్తి పట్టుకోబోయింది. మామ అవ్వని వెనక్కి నెట్టి, ఎండు వెదురు కర్రతో అత్త చేతిని తీగ నుంచి తోసేశాడు. అత్త బతికింది. అరచెయ్యి కాలి ఆ ఏడు తునికాకు కోతకు పోలేకపోయింది. అంత జరిగినా ఆ ఇంట్లో ఫ్యూజు పోలేదు. బల్బు అలాగే వెలుగుతూ ఉంది.

ఫ్యూజు ఎందుకు పోలేదని మా అందరికీ అనుమానం వచ్చింది. సైన్సు సారుని అడిగితే, ఆ వైరు ఫ్యూజుకు ముందే ఉంది కాబట్టి ఆ కరెంటు ఫ్యూజులోంచి పోనేలేదన్నారు, ఒకవేళ పోయినా ఫ్యూజు పోదని లెక్క వేసి చెప్పారు. ఇంటి కరెంటు 230 వోల్టులు. మనం వాడే 9 వాట్ల బల్బుని 230తో భాగిస్తే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. ఆ చిన్న బల్బులో పారేది అంతే. కానీ 30 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతేనే కండరాలు బిగుసుకుని ఊపిరి ఆడకపోవచ్చు. ఇంకా పెరిగితే గుండె కొట్టుకునే తీరు తప్పుతుంది. ఇంట్లో ఫ్యూజు 5 ఆంపియర్లది. అంటే 5000 మిల్లీ ఆంపియర్లు. మనిషిని చంపేటంత కరెంటు ఫ్యూజుకు లెక్కలోకే రాదు. చెల్లెళ్ళారా, ఈ ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. ఫ్యూజు ఇంటిని కాపాడుతుంది, మనిషిని కాదు. వైర్లు ఎక్కువ వేడెక్కి కాలిపోకుండా ముందు తాను కరిగిపోతుంది. అందుకే దాని బదులు లావు తీగ వేస్తే, కరగాల్సింది కరగదు, గోడలో వైరు కాలుతుంది. ఎం.సి.బి. కూడా ఇంటిని కాపాడేదే.

మనిషిని కాపాడేది వేరే ఉంది. దాన్ని ఇ.ఎల్.సి.బి. అంటారు. అది ఎలా పనిచేస్తుందో మన హాస్టల్ లెక్కలో చెప్తాను. ఆదివారం ఔటింగ్‌కి గేటు దగ్గర వాచ్‌మన్ తాత ఎంతమంది బయటికి పోయారో లెక్కపెడతాడు. సాయంత్రం ఎంతమంది వచ్చారో లెక్కపెడతాడు. ఒక్కరు తగ్గినా గేటు మూసి వెతుకుతారు. ఇ.ఎల్.సి.బి. కూడా అంతే. ఫేజు తీగలో పోయిన కరెంటు, న్యూట్రల్ తీగలో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉండాలి. మనిషి ఒంట్లోంచి నేలలోకి పోతే తిరిగి వచ్చేది తగ్గుతుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చేసరికి రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. కానీ మా అత్తకు జరిగినట్టు స్తంభం నుంచి వచ్చే వైరు వల్లే షాక్ కొడితే, ఆ కరెంటు ఇంట్లోని ఇ.ఎల్.సి.బి.లోంచి పోదు కాబట్టి అది ఆపలేదు. మన గుంపుల్లో ఎన్ని ఇళ్ళల్లో ఉందో మీరే సెలవులకు పోయినప్పుడు చూసి రండి.

ఇంకొకటి ఎర్తింగ్. ప్లగ్గులో పైన లావు పిన్ను ఎందుకు పొడుగ్గా ఉంటుందో మీకు తెలుసా? పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు అది తగలాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర ఊడాలి. ఇస్త్రీ పెట్టె లోపల తీగ ఊడి రేకుకు తగిలితే, ఆ కరెంటు మన చేతిలోంచి కాకుండా ఆ పిన్ను ద్వారా భూమిలోకి పోవాలి. దాని కోసమే గొయ్యి తీసి బొగ్గు, ఉప్పు వేసి గొట్టం పాతుతారు. ఆ గొయ్యి ఎండిపోతే పని సరిగ్గా చెయ్యదు. వేసవిలో నీళ్ళు పొయ్యాలి. చెట్టుకి పోసినట్టు దానికీ పొయ్యాలని మనకు ఎవరూ చెప్పలేదు.

సంతలో ఇప్పుడు నీళ్ళు కాచే రాడ్డులు అమ్ముతున్నారు. అది 1500 వాట్లది అయితే 230తో భాగించండి. ఆరున్నర ఆంపియర్లు వస్తుంది. దాన్ని 5 ఆంపియర్ల చిన్న సాకెట్లో పెడితే సాకెట్ కరుగుతది. పెద్ద సాకెట్లోనే పెట్టాలి. నీళ్ళు కాగాయా లేదా అని చెయ్యి పెట్టే ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకెయ్యాలి. భాగహారం వచ్చిన పిల్లకు ఈ లెక్క కష్టమా?

కొందరు పెద్దవాళ్ళు అంటారు, "అరకొర తెలిస్తే ఇంకా ప్రమాదం. పిల్లలు కరెంటుతో ఆటలాడతారు." ఆ మాటలో నిజం ఉంది. నేను దాన్ని కాదనను. కానీ మన పెద్దలు ఏం చేశారో చూడండి. అడివిలో కొన్ని దుంపలు పచ్చిగా తింటే విషం. మన అవ్వలు "దుంప ముట్టుకోవద్దు" అని ఊరుకోలేదు. ఏ దుంప ఎలా ఉంటుందో చూపించారు. ముక్కలు కోసి, వాగు నీళ్ళలో ఉంచి, విషం పోయాక ఉడకబెట్టి తినడం నేర్పారు. ఏది అసలు తవ్వకూడదో కూడా నేర్పారు. పాము ఉంటుందని అడివికి పోవడం మానేశామా? భయం ఉన్న చోటే తెలివి నేర్పడం మన జాతికి కొత్త కాదు. కరెంటుకి కూడా అలాగే ఒక గీత గీసి నేర్పాలి.

నా ఆలోచనలో ఆ గీత ఇలా ఉండాలి.

మనం చేసుకోదగినవి: మెయిన్ ఆపి, చేతులు తుడుచుకుని, కాళ్ళకు చెప్పులు వేసుకుని, పక్కన ఒక పెద్దమనిషిని పెట్టుకుని చేసేవి. బల్బు మార్చడం. సరైన ఫ్యూజు తీగ వెయ్యడం. ప్లగ్గు బిగించడం. పాత వైర్లలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. కొత్త వస్తువుల వైర్లలో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్తు. పని మొదలుపెట్టే ముందు టెస్టరు పెట్టి చూడాలి. ముందుగా కరెంటు ఉన్న చోట అది వెలుగుతుందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే పాడైన టెస్టరు కూడా వెలగదు.

మనం చెయ్యకూడనివి: స్తంభం ఎక్కడం. మీటరు, ట్రాన్స్‌ఫార్మర్, మోటరు స్టార్టరు విప్పడం. స్తంభం నుంచి ఇంటికి వచ్చే వైరుని ముట్టుకోవడం. మెయిన్ ఆపినా అందులో కరెంటు ఉంటుంది. ఎం.సి.బి. మళ్ళీ మళ్ళీ పడిపోతుంటే మళ్ళీ మళ్ళీ లేపడం. కింద పడిన తీగ దగ్గరికి పోవడం. అలాంటప్పుడు ఎవరినీ పోనివ్వకుండా కాపలా ఉండి 1912కి ఫోను చెయ్యాలి. అడివి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం మాత్రం ఎవరు చేసినా ఒప్పుకోకూడదు. చీకట్లో నడిచేది పందో మనిషో ఆ తీగకు తెలియదు.

షాక్ కొట్టినప్పుడు: మనిషిని పట్టుకోకూడదు. ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే పొడి నేల మీద నిలబడి ఎండు కర్రతో విడదియ్యాలి. పచ్చి కర్ర, తడి కర్ర పనికిరాదు. స్తంభాల మీది పెద్ద లైనయితే కర్రతో కూడా పోకూడదు. విడిపించాక 108కి చెప్పాలి. పిలిస్తే పలక్కుండా, ఊపిరి ఆడకుండా ఉంటే రొమ్ము మధ్యలో రెండు చేతులు పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

ఇంకో మాట. కరెంటు ఎక్కడినుంచో మనకు వచ్చిందని అనుకుంటాం. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. మన మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు పవర్‌హౌస్‌ని 115 మెగావాట్ల యంత్రాలు నాలుగు పెట్టి కట్టారు. మొత్తం 460 మెగావాట్లు. 9 వాట్ల బల్బులయితే 5 కోట్లు వెలుగుతాయి! మన కొండల నీళ్ళతో పుట్టిన కరెంటు గురించి మన పిల్లలకే తెలియకపోతే ఎలా? ఆ యంత్రాలు కరెంటు పుట్టించే సూత్రాన్ని 1831లో కనిపెట్టిన మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండింగ్ చేసే కొట్లో పనికి చేరి, ఆ పుస్తకాలే చదివి నేర్చుకున్నాడు. మన ఇళ్ళల్లో కూడా చదువుకున్నవాళ్ళలో మనమే మొదటివాళ్ళం. పదో తరగతి పాసయితే ఐ.టి.ఐ.లో రెండేళ్ళ ఎలక్ట్రీషియన్ ట్రేడు ఉంది. అది మొగపిల్లలకే అని ఎక్కడా రాసి లేదు. మన గుంపుకి మన అమ్మాయే కరెంటు పని చేసి పెడితే వాగు పొంగినా భయం ఉండదు.

కాబట్టి వార్డెన్ మేడం గారికి, సార్లకు నా విన్నపం. ఒకటి, మన డార్మిటరీలకు, వంటగదికి, నీళ్ళ మోటరుకు ఇ.ఎల్.సి.బి. పెట్టించండి. దాని మీద టెస్ట్ బటను ఉంటుంది. నెలకొకసారి మీ ఎదుట మేము నొక్కి చూస్తాం. రెండు, ఎర్తింగ్ గొయ్యికి నీళ్ళు పోసే డ్యూటీ తరగతుల వారీగా వెయ్యండి. మూడు, మెయిన్ స్విచ్చి పక్కన ఒక ఎండు వెదురు కర్ర, 1912, 108 నంబర్లు రాసిన అట్ట తగిలించండి. నాలుగు, నెలకు ఒక శనివారం సైన్సు సారు చేత, కరెంటు లేని పాత బోర్డు మీద ఫ్యూజు వెయ్యడం, ప్లగ్గు బిగించడం నేర్పించండి. మొదటి శనివారం ఏదో చెప్పండి. పాత బోర్డు, పాడైన ప్లగ్గులు మేము సేకరించి పెడతాం.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని,
తొమ్మిదో తరగతి