థైరాయిడ్ చాటున దాగిన దిగులు

తెనాలిలోనో బాపట్లలోనో మందుల షాపు దగ్గర కాసేపు నిలబడండి. బీపీ, షుగర్ మందులతో పాటు థైరాయిడ్ మాత్రల సీసా కొనుక్కుని వెళ్ళే ఆడవాళ్ళు కనిపిస్తారు. పరీక్ష చేయించుకుంటున్నారు, మందు వాడుతున్నారు, సంతోషం. నా భయం వేరే. నిద్ర పట్టని, ఏ పని మీదా మనసు నిలవని, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథి మందగిస్తే పెరిగే హార్మోన్) కాస్త ఎక్కువ కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదీ కుదుటపడతారు. "థైరాయిడేలే" అనుకుంటారు. థైరాయిడ్‌కి పరువు సమస్య లేదు. డిప్రెషన్ అంటే పెళ్ళి సంబంధాల దాకా మాట వస్తుంది.

గ్రంథికీ మనసుకీ లంకె ఉన్నమాట నిజం. 1949లో లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ మతి చలించిన 14 మంది రోగుల గురించి రాశాడు. వాళ్ళ అసలు జబ్బు థైరాయిడ్ మందగించడం. గ్రంథి మందు ఇస్తే చాలామంది కోలుకున్నారు. గ్రంథి మరీ ఎక్కువ పనిచేసినా చిక్కే. గుండెదడ, చేతుల వణుకు, చిరాకు మొదలవుతాయి. మనవాళ్ళు దాన్ని 'టెన్షన్' అని నిద్రమాత్ర మింగుతారు. అందుకే దిగులుతో వచ్చిన ప్రతి మనిషికీ ఒకసారి టీఎస్‌హెచ్ చూడాలి. మానసిక జబ్బుకు లిథియం వాడేవారికి ఆరునెలలకోసారి చూడాలి, ఆ మందు గ్రంథిని మందగింపజేస్తుంది.

అయితే ఆ లంకె మనం అనుకున్నంత గట్టిది కాదు. 2021లో జామా సైకియాట్రీలో వచ్చిన సమీక్ష పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి ఈ మాటే చెప్పింది. గ్రంథి బాగా దెబ్బతిన్నవారిలో సంబంధం కనిపిస్తుంది, టీఎస్‌హెచ్ కాస్త పెరిగి టీ4 (గ్రంథి తయారుచేసే హార్మోన్) మామూలుగా ఉన్నవారిలో స్వల్పమే. 2017లో ఐరోపాలో అలాంటి 737 మంది పెద్దవయసు వారిలో కొందరికి అసలు థైరాయిడ్ మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడాది తర్వాత నీరసంలో తేడా లేదు. ఇక మన లెక్క చూడండి. హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన సర్వేలో నూటికి దాదాపు 11 మంది పెద్దలకు థైరాయిడ్ మందగించి ఉంది. ఇంత మామూలు జబ్బూ, అంతే మామూలైన డిప్రెషనూ ఒకే మనిషిలో ఉన్నంత మాత్రాన ఒకదానికి రెండోది కారణమని చెప్పలేం. టీఎస్‌హెచ్ ఏడు ఉందని మాత్ర రాసి, మనసు సంగతి అడగకుండా పంపడం నా దృష్టిలో సగం వైద్యమే.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది బాలింతల సంగతి. కాన్పయిన ఏడాదిలో వందమందిలో సుమారు ఐదుగురికి థైరాయిడ్ వాస్తుంది. మొదటి నాలుగు నెలల్లో గ్రంథి ఎక్కువ పనిచేయవచ్చు, నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల మధ్య మందగించవచ్చు. రేపల్లె కోడలు కాన్పుకి తెనాలి పుట్టింటికి వస్తుంది, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తారింటికి వెళుతుంది. సరిగ్గా గ్రంథి మందగించే వేళకి ఆమెను కాన్పు నుంచి చూసిన డాక్టరు ఒక ఊళ్ళో, ఆమె ఒక ఊళ్ళో. పాత రిపోర్టులు పుట్టింటి బీరువాలోనే ఉండిపోతాయి. బిడ్డ మీద ప్రేమ పుట్టడం లేదని ఆమె చెప్పుకోలేదు, చెప్పినా "బాలింతలకి మామూలే" అంటారు. నిజానికి అది థైరాయిడ్ కావచ్చు, కాన్పు తర్వాతి డిప్రెషన్ కావచ్చు, రెండూ కావచ్చు. టీకాకి బిడ్డను తీసుకొచ్చిన రోజే తల్లిని నాలుగు మాటలడిగి, అనుమానముంటే రక్తం తీస్తే తేలిపోతుంది. ఏఎన్ఎంలకు ఇది కొత్త బరువేమీ కాదు.

ఇక మందు వాడేవారికి నాలుగు మాటలు. థైరాయిడ్ మాత్ర పరగడుపున, కాఫీకి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఐరన్, క్యాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ పరీక్ష. టీఎస్‌హెచ్ అంకె సరిపడ్డాక కూడా రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే మోతాదు పెంచమని అడగకండి, మానసిక వైద్యుణ్ణి కలవండి. ఎవరైనా చావు మాట ఎత్తితే టీఎస్‌హెచ్ రిపోర్టు కోసం ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.