యూనివర్సిటీకి ఏడాది, కోర్సులకు పది నిమిషాలా?

అమెరికాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ చేయాలనుకునే మన పిల్లలు యూనివర్సిటీని ఎంచుకోవడానికి ఏడాది తిరుగుతారు. ర్యాంకులు చూస్తారు, కన్సల్టెన్సీల చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు, ఏ ఊళ్లో అద్దె తక్కువో, ఎక్కడ మనవాళ్లు ఎక్కువో ఆరా తీస్తారు. తీరా వెళ్లాక అక్కడ ఏం చదవాలన్నది మాత్రం పది నిమిషాల్లో తేలిపోతుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో సీనియర్ ఓ జాబితా పెడతాడు. పక్కనే ‘ఈ ప్రొఫెసర్ అడిగినోళ్లందరికీ ఏ ఇస్తాడు’ అని రాస్తాడు. ఇంకేముంది, బ్యాచ్ మొత్తం అవే తీసుకుంటుంది.

దాని ఫలితం ఏడాదికోసారి నా ముందుకొస్తుంది. మాది తెనాలి. జేఎన్టీయూ అనుబంధ కాలేజీలో ట్రిపుల్ ఈ చదివి, టెక్సస్‌లో ఎమ్మెస్ చేసి, డల్లాస్ పక్కన రిచర్డ్‌సన్‌లో పవర్ సప్లై చిప్పులు డిజైన్ చేసే ఉద్యోగంలో ఉన్నాను. సెప్టెంబర్, అక్టోబర్ వచ్చాయంటే ఇంటర్న్‌షిప్ రెజ్యూమేలు చదవడం నా పనుల్లో ఒకటి. తెలుగు పేర్లు ఎప్పుడూ ఉంటాయి. పేరు చూశాక నా కన్ను నేరుగా కోర్సుల వరుస మీదికే పోతుంది.

ఆ వరుస చాలాసార్లు ఒకేలా ఉంటుంది. ఒక మెషిన్ లెర్నింగ్, ఒక డేటాబేస్, ఒక నెట్‌వర్క్స్, ఒక ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, ఎందుకైనా మంచిదని ఒక వీఎల్ఎస్ఐ. దేనికది మంచి కోర్సే. అన్నీ కలిపి చూస్తే ఈ అబ్బాయి ఏ పనికి తయారవుతున్నాడో నాకు అర్థం కాదు, అతనికీ తెలిసినట్టుండదు. ఇంటర్వ్యూలో నేను అడిగే మొదటి ప్రశ్న చిన్నదే. 12 వోల్టుల్ని 3.3 వోల్టులకు దించే బక్ కన్వర్టర్ గీయమంటాను. డ్యూటీ సైకిల్ ఎంతంటే 27.5 శాతం అని టక్కున చెబుతారు. 3.3ని 12తో భాగించడమే కదా. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఇండక్టర్‌లో కరెంటు ఎంత వేగంగా పెరుగుతుంది? లోడు బాగా తగ్గి, ప్రతి సైకిల్లోనూ ఆ కరెంటు సున్నాకి పడిపోతుంటే నువ్వు చెప్పిన 27.5 అలాగే ఉంటుందా? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. పవర్ ఎలక్ట్రానిక్స్ ఒక సెమిస్టర్ శ్రద్ధగా చదివినవాళ్లు ఆగరు. తెలివితేటల్లో ఇద్దరూ సమానమే. ఒకరు ఆ క్లాసులో కూర్చున్నారు, ఇంకొకరు కూర్చోలేదు.

డబ్బు లెక్క కూడా చూడండి. చాలా అమెరికన్ యూనివర్సిటీల్లో ఈ డిగ్రీకి 30 క్రెడిట్లు. కోర్సుకి మూడు చొప్పున పది కోర్సులు. థీసిస్ రాస్తే సాధారణంగా ఆరు క్రెడిట్లు దానికే పోతాయి, ఎనిమిది కోర్సులు మిగులుతాయి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ఫాల్‌లోనూ స్ప్రింగ్‌లోనూ ఫుల్‌టైమ్ విద్యార్థులుగా ఉండి తీరాలి. చాలాచోట్ల పీజీలో ఫుల్‌టైమ్ అంటే సెమిస్టర్‌కి తొమ్మిది క్రెడిట్లు. అంటే మూడు, మూడు, మూడు, చివర ఒకటి. ఆ చివరిది ఆన్‌లైన్ కోర్సు కాకూడదు కూడా. వేసవిలో పీజీ కోర్సులు పెట్టే డిపార్ట్‌మెంట్లు తక్కువ. మొత్తం మీద చేతిలో ఉన్నవి పది గళ్లు. ఒక్కో గడికి మన రూపాయల్లో రెండు మూడు లక్షలు పోయడం చాలాచోట్ల మామూలే. అందులో రెండు గళ్లు తేలిగ్గా గ్రేడు వచ్చే కోర్సులకు ఇచ్చేస్తే, పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన ఫీజులో ఐదో వంతు గ్రేడు కొనుక్కోవడానికి ఖర్చయినట్టే.

పైగా ఈ గళ్లను తోచిన వరసలో నింపడానికి వీల్లేదు. అనలాగ్ ఐసీ డిజైన్ మొదటి కోర్సును చాలా డిపార్ట్‌మెంట్లు ఏడాదికి ఒక్కసారే నడుపుతాయి, అదీ తరచుగా ఫాల్‌లోనే. అది చదివినవాళ్లకే స్ప్రింగ్‌లో డేటా కన్వర్టర్లు, ఫేజ్ లాక్‌డ్ లూపుల్లాంటి పై కోర్సులు. మొదటి ఫాల్‌లో వదిలేస్తే అది మళ్లీ మూడో సెమిస్టర్‌లో గానీ రాదు, పై కోర్సు నాలుగో సెమిస్టర్‌కి పోతుంది. ఆ సరికి క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు చాలావరకు వచ్చి వెళ్లిపోయి ఉంటాయి. కమ్యూనికేషన్స్ వైపు వెళ్లేవాళ్లకు రాండమ్ ప్రాసెసెస్ లేకుండా డిజిటల్ కమ్యూనికేషన్ మింగుడు పడదు. కంట్రోల్స్‌లో అన్నిటికంటే ముందు లీనియర్ సిస్టమ్స్. పవర్‌లో పవర్ సిస్టమ్ అనాలసిస్ అయ్యాకే ప్రొటెక్షన్ అయినా స్టెబిలిటీ అయినా. ఇదంతా కేటలాగ్‌లో ప్రతి కోర్సు కిందా ఒక్క లైనులో రాసి ఉంటుంది. ఆ లైను చదివి వచ్చినవాళ్లు నాకు తక్కువగా తగిలారు.

అసలు మెలిక క్యాలెండర్‌లో ఉంది. ఆగస్టు రెండో సగంలో క్లాసులు మొదలవుతాయి. సెప్టెంబర్‌లో కెరీర్ ఫెయిర్. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు పెద్ద చిప్ కంపెనీలు అప్పటికే రెజ్యూమేలు తీసుకోవడం మొదలుపెట్టి ఉంటాయి. మనవాడు విమానం దిగి నెలే అయి ఉంటుంది. గ్రేడు ఒక్కటీ రాలేదు, అక్కడ చేసిన ప్రాజెక్టూ లేదు. బీటెక్ కాక చూపించడానికి ఉన్నవి ప్రస్తుతం చదువుతున్న మూడు కోర్సుల పేర్లే. ఆ మూడూ ఒకే దారిలో ఉండి, బీటెక్ ప్రాజెక్టు కూడా వాటికి తోడైతే నాలాంటివాళ్లు ఫోన్ చేస్తారు. మూడూ మూడు దిక్కుల్లో ఉంటే పక్కన పెట్టి తర్వాతి రెజ్యూమే తీస్తారు. నేనూ తీస్తాను, అబద్ధం ఎందుకు చెప్పాలి? అంటే వచ్చే ఏడాది మే నెలలో ఎక్కడ ఉంటావన్నది ఈ ఆగస్టులో రిజిస్టర్ చేసుకున్న మూడు కోర్సులు చాలావరకు తేల్చేస్తున్నాయి. నిద్ర వేళలు కూడా కుదురుకోని ఆ వారంలో, పరుపు ఎక్కడ కొనాలా అని వెతుక్కుంటూ తేల్చాల్సిన విషయమా అది? తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఇంట్లో కూర్చుని తేల్చుకుని రావాలి.

ఈ జూన్‌లో మా అక్క కొడుకు ఫోన్ చేశాడు.

“పిన్నీ, మా గ్రూపులో అందరూ డేటా సైన్స్, మెషిన్ లెర్నింగే తీసుకుంటన్నారు. నేను రాండమ్ ప్రాసెసెస్ అంటే నవ్వుతున్నారు.”

“నీకు ఏం చెయ్యాలనుందిరా?”

“వైర్‌లెస్.”

“అది రాకుండా వైర్‌లెస్ ఏం చేస్తావురా?”

“అందులో బీ వస్తే? జీపీఏ పడిపోద్ది పిన్నీ.”

వాడి భయంలో నిజం లేకపోలేదు. జీపీఏ 3.0 కంటే కిందికి పోతే చాలా యూనివర్సిటీలు ప్రొబేషన్‌లో పెడతాయి. మన దగ్గర ఈసీఈ వాళ్లు రెండో ఏడాదిలో పీటీఎస్పీ (ప్రాబబిలిటీ థియరీ అండ్ స్టొకాస్టిక్ ప్రాసెసెస్) చదువుతారు గానీ, ఎలా చదువుతారో మనకు తెలియనిదా? పరీక్షకు ముందు ఆల్ ఇన్ వన్ తెచ్చుకుని యూనిట్‌కి రెండు ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ కొడతారు. ట్రిపుల్ ఈ వాళ్లకు చాలాచోట్ల ఆ సబ్జెక్టే ఉండదు. దీనికి మందు ఆ కోర్సును వదిలెయ్యడం కాదు, ముందుగా మొదలుపెట్టడం. ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు, అక్కడి ప్రాబబిలిటీ పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. మన ఎన్‌పీటెల్‌లోనూ ఉన్నాయి. వీసా వచ్చిన దగ్గర్నుంచి విమానం ఎక్కేదాకా షాపింగ్‌కీ, బంధువుల భోజనాలకీ పోయే కాలంలో రోజుకో గంట వీటికిస్తే చాలు. ఆ గణితం మొదటి సెమిస్టర్‌లో భయపెట్టదు. లెక్కలు దండిగా ఉన్న కోర్సులు రెండు ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోవద్దని కూడా వాడికి చెప్పాను. క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని చేసుకుంటూ అలాంటివి రెండు మోయడం చాలా కష్టం. ఒక బరువైనది, ఒక ల్యాబ్ ఉన్నది, ఒక మధ్యరకం. మొదటి సెమిస్టర్‌కి నాకు నచ్చిన కూర్పు అది.

సాఫ్ట్‌వేర్‌లోకి పోతే తప్పా అని అడుగుతారు. తప్పేం లేదు. అప్పు తీర్చాల్సింది వాళ్లు, ఒడ్డున కూర్చుని నేను నీతులు చెప్పను. అయితే ఆ దారికీ ఒక వరస ఉంది. ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్‌లో ఉంటూ కంప్యూటర్ ఆర్కిటెక్చర్, ఆపరేటింగ్ సిస్టమ్స్, ఎంబెడెడ్ సిస్టమ్స్ చదివినవాడికి ఫర్మ్‌వేర్ ఉద్యోగం దొరకడం నేను చూశాను. రెండు మెషిన్ లెర్నింగ్ కోర్సులు చేసి, కంప్యూటర్ సైన్స్ వాళ్లతో అదే ఉద్యోగానికి పోటీ పడి నిలిచినవాళ్లను తక్కువగా చూశాను. వీసా నిబంధన సంగతీ గుర్తుండాలి. చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ మీద చేసే ఉద్యోగం చదివిన మేజర్‌కి నేరుగా సంబంధించినదై ఉండాలి. మొదటి 12 నెలల తర్వాత స్టెమ్ డిగ్రీకి దొరికే మరో 24 నెలలు కావాలంటే, ఐ-983 అనే ఫారంలో ఆ ఉద్యోగానికీ డిగ్రీకీ ఉన్న సంబంధం ఏమిటో రాసి విద్యార్థీ, కంపెనీ తరఫువాళ్లూ సంతకం పెట్టాలి. అక్కడ రాసుకోవడానికి చదివిన కోర్సులకంటే గట్టి ఆధారం ఏముంటుంది? తొలి 12 నెలల్లో అన్నీ కలిపి 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదన్న గడువు కూడా నడుస్తూనే ఉంటుంది.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. ట్రిపుల్ ఈ చదివొచ్చిన పిల్లలు పవర్ అనగానే మొహం చిట్లిస్తారు. కరెంటాఫీసు ఉద్యోగం అనుకుంటారు కాబోలు. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున టెక్సస్ గడ్డకట్టిపోతుంటే, 60 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.3కి జారింది. 59.4 కంటే దిగువన నాలుగు నిమిషాలకు పైగా ఉంది. అది తొమ్మిది నిమిషాలు సాగి ఉంటే జనరేటర్లు వాటంతటవే ట్రిప్పయి రాష్ట్ర గ్రిడ్ దాదాపు మొత్తం చీకటై ఉండేదని గ్రిడ్ ఆపరేటర్ ఎర్కాట్ తర్వాత చెప్పింది. అండర్ ఫ్రీక్వెన్సీ రిలే గురించి బీటెక్‌లో రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలే ఇక్కడికొచ్చి ప్రొటెక్షన్ కోర్సు వదిలేస్తున్నారు. ఇప్పుడు టెక్సస్‌లో సోలార్ ప్లాంట్లు, బ్యాటరీలు, డేటా సెంటర్లు గ్రిడ్‌కి కలపమని వరసకట్టాయి. కలిపే ముందు ప్రతిదానికీ స్టడీలు చెయ్యాలి. పీఎస్‌ఎస్ ఈ, పీఎస్‌క్యాడ్ సాఫ్ట్‌వేర్ల మీద చెయ్యి తిరిగినవాళ్లు కావాలి. చెప్పాల్సిన చిక్కూ ఉంది. కొన్ని విద్యుత్ సంస్థలు వీసా స్పాన్సర్ చెయ్యవు, కన్సల్టింగ్ కంపెనీలు, పరికరాలు చేసే కంపెనీల వైపు చూడాల్సి ఉంటుంది. రాడార్, యాంటెన్నాల వైపు వెళ్లేవాళ్లకు ఈ చిక్కు ఇంకా పెద్దది. రక్షణ రంగ ఉద్యోగాల్లో చాలావాటికి అమెరికా పౌరసత్వం అడుగుతారు. ఆ సంగతి కోర్సులన్నీ అయ్యాక తెలిస్తే ఏం లాభం?

ఇన్ని చూశాక నాకు తోచేదేమిటంటే, మనవాళ్లు వెతికే వరసే తిరగబడి ఉంది. ముందు దారి తేల్చుకోవాలి, తర్వాత కోర్సులు, ఆ కోర్సులు బాగా చెప్పే యూనివర్సిటీ ఏదన్నది ఆఖర్న. ఉదాహరణకు, జాక్ కిల్బీ 1958లో ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ చేసి చూపించింది డల్లాస్‌లో. ఆయన పనిచేసిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వ్యవస్థాపకులు చదువుకున్న ఇంజనీర్లు దగ్గర్లోనే తయారవ్వాలని 1961లో పెట్టిన పరిశోధన కేంద్రమే 1969లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డల్లాస్ అయింది. అలాంటి చోట సర్క్యూట్ల కోర్సులు లోతుగా ఉండటంలో వింతేముంది? వర్జీనియా టెక్‌కి పవర్ ఎలక్ట్రానిక్స్ పరిశోధనలో పెద్ద పేరు. రిలేలు తయారుచేసే ష్వైట్జర్ సంస్థ ఉన్న పుల్‌మన్‌లోనే వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఉంది, అక్కడ పవర్ చదువు పాతుకుపోయింది. ర్యాంకుల పట్టికలో ఈ సంగతులు కనిపించవు. కేటలాగ్‌నీ పూర్తిగా నమ్మొద్దు. ఏళ్ల తరబడి నడపని కోర్సుల పేర్లు కూడా అందులో ఉంటాయి. గత రెండేళ్ల క్లాస్ షెడ్యూళ్లు తీసి, ఏ కోర్సు ఏ సెమిస్టర్‌లో నిజంగా నడిచిందో చూడండి. చాలా యూనివర్సిటీలు వాటిని అందరికీ కనిపించేలా పెడతాయి.

థీసిస్ గురించి ఒక్క మాట. మొదటి సెమిస్టర్ అయ్యేలోపు ప్రొఫెసర్ దొరికి, ఆయన దగ్గర నిజంగా పని ఉంటే రాయండి. లేకపోతే డిజైన్ ప్రాజెక్టు ఉన్న రెండు కోర్సులు దానికంటే మేలు. చిప్ గీయించి ఫ్యాబ్‌కి పంపించే కోర్సు దొరికిందా, దాన్ని వదలొద్దు. మొదటి వారంలో మీ మూడు కోర్సులతోపాటు నాలుగో కోర్సు క్లాసులో కూడా కూర్చుని చూడండి. నచ్చకపోతే మార్చుకునే వెసులుబాటు ఆ కొద్ది రోజులే ఉంటుంది. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పన్నెండో క్లాసు రోజు దాటాక మానేస్తే అది రికార్డుకెక్కుతుంది. ఒకటి మానేసి తొమ్మిది క్రెడిట్ల కంటే తగ్గితే వీసా చిక్కు వేరే.

లోను కాగితాల మీద పిల్లలతోపాటు సంతకం పెట్టే అమ్మానాన్నలకు ఒక విన్నపం. మీకు వీఎల్ఎస్ఐ అంటే ఏమిటో తెలియక్కర్లేదు. ఒక తెల్లకాగితం ఇచ్చి, నాలుగు సెమిస్టర్లూ గీయించి, పది కోర్సుల పేర్లు రాయమనండి. ఏది దేని తర్వాత ఎందుకు వస్తుందో మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే సంతకం ఇంకో వారం ఆపండి.