ఇంటి మాట: ఈ నిద్రను ఎవరికి చూపించాలి?

పోయిన నెల బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయినప్పుడు, వరుసలో నా వెనక నిలబడ్డ ఒక చెల్లె మెల్లగా అడిగింది: "అక్కా, నువ్వు పత్రికల రాస్తవు గదా, ఒక్క మాట చెప్పు. మా ఇంటాయన పొద్దంత నిద్రపోతున్నడు. పళ్ళెం ముందట కూసుండే తల వాలుస్తడు. మొన్న సాంచా కాడ నిలబడే కునుకు తీసిండంట, జాబర్ నానా మాటలన్నడు. ఎవరికి చూపియ్యాలె? దవాఖానకు తీస్కపోవాల్నా, దిష్టి తీసేటాయన కాడికి పోవాల్నా?"

ఆ వరుసలో నిలబడి సగం మాటే చెప్పగలిగాను. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను. ఇది మా ఇంట్లో జరిగిన సంగతే కాబట్టి కొంచెం సిగ్గుగా కూడా ఉంది.

మా ఆయనది టవల్ కార్ఖానా. ఒక వారం పగలు పాళీ, ఒక వారం రాత్రి పాళీ. పాళీ అంటే 12 గంటలు. రాత్రంతా నిలబడి పోగులు ముడివేసినవాడు పగలు పడుకుంటాడు, అందులో వింత లేదు. రేకుల ఇల్లు, గోడకు అవతల సాంచాల చప్పుడు, మన సోలాపూర్ ఎండ. ఆ నిద్ర నిద్రేనా? అందుకని రెండేళ్ళు పాళీ మీదనే నెపం వేసుకుంటూ వచ్చాం. కానీ పగలు పాళీ వారంలో కూడా, రాత్రి 8 గంటలు పడుకుని లేచిన రోజు కూడా, ఆయన చాయ్ గ్లాసు చేతిలో పట్టుకునే నిద్రపోయేవాడు. అక్కడ మేం ఆగి ఆలోచించి ఉండవలసింది. ఆలోచించలేదు.

మా అత్తమ్మ అనేది: "మా కాలంల మిల్లు భోంగా మోగితే పేటంత లేచేది. వీనికి భోంగా చెవుల మోగినా తెలివి రాదు." మరిది తాగుడేమో అని అనుమానపడ్డాడు. బట్ట పాడయిందని సేటు రెండుసార్లు కూలి కోశాడు. నేనైతే పిల్లల ముందరే సోమరి అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

చేయని పని లేదు. నిమ్మకాయలు తిప్పాం. శనివారాలు పట్టాం. గల్లీలో ఒక డాక్టర్ వీక్‌నెస్ అని సెలైన్ ఎక్కించాడు. రెండు రోజులు హుషారు, మూడో రోజు మళ్ళీ అదే. ఒక మందుల దుకాణంలో, "రాత్రి నిద్ర సరిగ్గ పడితే పగలు రాదు" అని నిద్ర గోళీ ఇచ్చారు. ఆ గోళీ వేసుకున్న రాత్రి ఆయన గురక విని నాకు భయం పట్టుకుంది. మర్నాడు ఆ పట్టీ మోరీలో పారేశాను.

చివరికి ఒక సాయంత్రం బండి మీద చిన్నదాన్ని ముందు కూర్చోబెట్టుకుని వస్తూ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కన్ను మూతపడింది. బండి ఒరిగింది. పిల్ల మోచేయి విరిగింది. కట్టు వేయించుకుని ఇంటికి వచ్చిన రాత్రి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. తెల్లారి నేనే ఇఎస్ఐ కార్డు చేతిలో పట్టుకుని, "నడువు" అన్నాను.

డాక్టర్ సాబ్ ఆయన్ను అడిగాడు: "రాత్రి నిద్ర ఎట్లుంటది?"

"ఫస్ట్ క్లాస్ సాబ్. పడుకుంటే పొద్దుగాలనే."

డాక్టర్ సాబ్ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. గురక పెడతాడా? మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుందా?"

నాకు నోట మాట రాలేదు. 11 ఏళ్ళుగా గురకకు నాకు మెలకువ రాదు. గురక ఆగితే వస్తుంది. ఆగుతుంది, ఇల్లంతా నిశ్శబ్దం. నేను లెక్కపెట్టుకుంటూ ఉంటాను. తరువాత గుటక మింగినట్టు ఒక పెద్ద శబ్దం, మళ్ళీ మొదలు. ఎప్పుడైనా మరీ ఎక్కువసేపు ఆగితే మోచేత్తో పొడుస్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. రోగం ఆయనది, దాన్ని చూసినదాన్ని నేను.

డాక్టర్ సాబ్ చెప్పింది నాకు అర్థమైనంత మటుకు ఇది. నిద్రలో గొంతు కండలు సడలి గాలి దారి మూసుకుంటుంది. 10 సెకన్లో, అంతకన్నా ఎక్కువో ఊపిరి ఆగుతుంది. ఒంట్లో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, దారి తెరుచుకుంటుంది. గంటలో ఎన్నోసార్లు ఇట్లాగే. పొద్దున మనిషికి ఏమీ గుర్తుండదు, 8 గంటలు పడుకున్నా అనే అనుకుంటాడు. దీని పేరు స్లీప్ ఆప్నియా. వదిలేస్తే బీపీ, గుండె జబ్బు, పక్షవాతం దాకా పోవచ్చు. నిద్ర గోళీలూ, రాత్రి తాగుడూ దీన్ని ఇంకా ముదిరిస్తాయి. మెడ లావుగా ఉన్నవాళ్ళకు, బరువు పెరిగినవాళ్ళకు ఎక్కువగా వస్తుంది. సన్నగా ఉన్నవాళ్ళకు రాదని కాదు. ముట్లు ఆగిన ఆడవాళ్ళకూ వస్తుంది.

ముందు రక్త పరీక్షలు చేశారు. తరువాత ఒక రాత్రి ఒంటికి తీగలు తగిలించి నిద్ర పరీక్ష. చివరికి ముక్కుకు తొడుక్కునే మాస్క్, దానికి గాలి ఊదే చిన్న మిషన్. భిశీ ఎత్తి కొన్నాం. అట్లాంటి వస్తువుకు కొనకముందే ఇఎస్ఐలో మంజూరు అడిగి చూడాలని అప్పుడు నాకు తెలియదు. మీరు అడగండి.

అన్నీ బాగైపోయాయని చెప్పను. చుట్టాలు వచ్చిన రాత్రి సిగ్గుపడి మాస్క్ తీసి పక్కన పెడతాడు. మర్నాడు మళ్ళీ తల వాలుతుంది. కానీ సాంచా దగ్గర మాట పడక చాలా కాలమైంది. చిన్నది మళ్ళీ బండి ఎక్కుతున్నది.

ఇప్పుడు ఆ చెల్లె అడిగిన అసలు మాట: ఎక్కడికి పోవాలి?

దవాఖానకు పోయే ముందు ఇంట్లో ఒక వారం పని ఉంది. పిల్లల పాత నోటుబుక్కు తీసుకోండి. ఏ పాళీ, ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, గురక ఉందా, ఊపిరి ఆగిందా, ఏ గోళీలు వేసుకుంటున్నాడు, తాగుడు ఉందా, అన్నీ రాయండి. జలుబు గోళీలు, దగ్గు మందులు, దురద గోళీలు, నరాల గోళీలు, వీటిలో చాలా వాటికి మగత వస్తుంది. కొన్ని చోట్ల కల్లులో మత్తు మందు కలుపుతారు, అది కూడా దాచకుండా రాయండి. డాక్టర్ కొట్టడు.

పెద్ద దవాఖానల్లో 8 ప్రశ్నల పట్టిక ఒకటి వాడతారు. మెల్‌బోర్న్‌లో ఒక డాక్టర్ 1991లో తయారు చేసింది. కూర్చుని చదువుతుంటే, టీవీ చూస్తుంటే, గంటసేపు బండిలో పోతుంటే, ఎవరితోనైనా మాట్లాడుతుంటే కునుకు వస్తుందా, ఇట్లాంటి ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 24లో 10 దాటితే డాక్టర్‌కు చూపించాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోయే మనిషికైతే మార్కులు లెక్కపెట్టే పని కూడా లేదు.

నోటుబుక్కులో రాత్రి పాళీ వారాల్లోనే నిద్ర కనిపించి, 7, 8 గంటలు నిండా పడుకున్న రోజు మనిషి హుషారుగా ఉంటే, అది ముందు నిద్ర తక్కువైన సంగతి. కిటికీకి నల్లబట్ట కట్టండి, పిల్లలను పక్కింటికి పంపండి, పాళీ ముగిశాక చాయ్ తాగనివ్వకండి. మూడు, నాలుగు వారాలు చూడండి. నిండా పడుకున్నా ఆగని నిద్ర అయితే ఇంట్లో ఆలస్యం చేయకండి.

మొదట పోవలసింది పెద్ద స్పెషలిస్టు దగ్గరికి కాదు. మెడిసిన్ డాక్టర్ దగ్గరికి. కార్డు ఉంటే ఇఎస్ఐ, లేకపోతే సివిల్ హాస్పిటల్‌లో కేస్ పేపర్ తీయించి మెడిసిన్ ఓపీడీ. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, కిడ్నీ, లివర్ పరీక్షలు చేయమని అడగండి. మన బీడీ అక్కచెల్లెళ్ళలో మగత, ఆయాసం, కాళ్ళు లాగడం ఉంటే ముందు రక్తం చూపించుకోండి. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ, మగవాళ్ళకు 13 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. థైరాయిడ్ తగ్గినా నిద్ర, బరువు, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం ఉంటాయి. ఈ రెండూ గోళీలతో దారికి వచ్చేవే.

గురక, ఊపిరి ఆగడం, పొద్దున తలనొప్పి ఉంటే ఛాతీ డాక్టర్, లేదా ముక్కు చెవి గొంతు డాక్టర్. నిద్ర పరీక్ష ఎక్కడ చేస్తారో వాళ్ళే రాసిస్తారు. చిన్నపిల్లలు నోరు తెరిచి గురక పెట్టి, బడిలో కునుకుతుంటే టాన్సిల్స్ చూపించండి.

చదువుకునే వయసు పిల్ల తరగతిలో ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోవడం, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్ళు జారి కూలబడడం ఉంటే, అది నార్కోలెప్సీ అనే నరాల జబ్బు కావచ్చు. మూర్ఛ అనీ, నాటకం అనీ తోసేస్తారు. నిద్రలోంచి లేస్తూ ఎవరో గుండె మీద కూర్చున్నట్టు ఒళ్ళు కదలకపోవడం కూడా ఈ జబ్బులో ఉంటుంది. కానీ అది ఒక్కటే ఎప్పుడో ఒకసారి వస్తే భయపడనక్కరలేదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకూ వస్తుంది. దీనికి న్యూరాలజీ డాక్టర్ కావాలి. ఇక్కడ తేలకపోతే బెంగళూరు నిమ్హాన్స్ ఉంది, హైదరాబాద్ నిమ్స్ ఉంది. ఇక్కడి డాక్టర్ చీటీ, పాత రిపోర్టులు పట్టుకుని పోండి. ఊరికే పోయి లాడ్జి కిరాయి దండుగ చేసుకోకండి.

పని పోయిన మనిషి, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు, ఎవరితో మాట్లాడక, తిండి మానేసి పడుకునే ఉంటే అది మనసు నిద్ర. సైకియాట్రీ ఓపీడీకి పోవడం పరువు తక్కువ కాదు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు పైసలు తీసుకోకుండా తెలుగులో మాట్లాడతారు.

కొన్నిటికి నోటుబుక్కు, ఓపీడీ ఏదీ పనికిరాదు, వెంటనే 108 పిలవాలి. తలకు దెబ్బ తగిలాక మగత, జ్వరంతో మెడ బిగుసుకుని మగత, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, షుగర్ మందు వాడే మనిషి లేపితే సరిగ్గా లేవకపోవడం. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు, చక్కెర ఏదీ పోయకండి.

ఇక పైసల మాట. 21,000 రూపాయల వరకు జీతం ఉన్న కార్మికుడికి, ఇఎస్ఐ వర్తించే కార్ఖానాలో, జీతంలో నూటికి 75 పైసలు కోస్తారు. ఆ కోతకు వైద్యం ఆయనకే కాదు, మీకూ పిల్లలకూ కూడా. కావలసినన్ని రోజుల కోత కట్టి ఉండి, డాక్టర్ సెలవు రాసిస్తే, ఏడాదికి 91 రోజుల దాకా కూలిలో 70 శాతం ఇస్తారు. కాబట్టి "సెలవు పెడితే పొయ్యి వెలగదు" అని సాంచా దగ్గర తూలుతూ నిలబడనక్కరలేదు. తీర్పు వచ్చేదాకా ఆయన్ను బండి మాత్రం నడపనివ్వకండి. పగలు పాళీ అడిగి చూడండి.

చెల్లీ, ఒక్కటి మరువకు. ఆయన్ను ఒంటరిగా పంపకు. "నిద్ర మంచిగనే పడుతది" అని చెప్పి వాపసు వస్తాడు. నువ్వు కూడా పో. ఆయన రాత్రి ఎట్లా ఊపిరి తీస్తాడో ఈ లోకంలో తెలిసినదానివి నువ్వొక్కతివే. నోరు తిరగకపోతే రాత్రి గురకను ఫోన్‌లో పట్టుకుని డాక్టర్‌కు వినిపించు. అది కూడా రిపోర్టే.

వచ్చే నెల ఇదే చోట కలుద్దాం. అప్పటిదాకా ఇంట్లో ఎవరినైనా సోమరి అనే ముందు, ఒక్క రాత్రి మేలుకుని వాళ్ళ నిద్ర చూడండి.