టెన్షనా? కూర్చోండి, మాట్లాడుకుందాం

గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే మహిళ తనకు డిప్రెషన్ అని చెప్పదు. నిద్ర పట్టడం లేదంటుంది, ఒళ్లు నొప్పులంటుంది. బలానికి నాలుగు బిళ్లలు తీసుకుని వెళ్లిపోతుంది. మానసిక వైద్యుడి పేరెత్తితే మళ్లీ ఆ గడప తొక్కదు. పిచ్చి అని ముద్ర వేస్తారన్న భయం. తెలుగునాట బెంగ, దిగులు, మనాది అని చెప్పుకునేవారి సంగతీ ఇంతే.

ఈ తటపటాయింపు మర్మం సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్‌కు బోధపడింది స్వదేశంలో కాదు, జింబాబ్వేలో. ముంబైలో పుట్టి అక్కడే వైద్యం చదివిన ఆయన 1990లలో హరారే వెళ్లారు. డిప్రెషన్ పాశ్చాత్యుల భావన అనీ, పేదల కష్టాలకు ఆ పేరు తగదనీ అప్పట్లో ఆయన నమ్మకం. అక్కడి జనం 'కుఫుంగిసిసా' అనేవారు. షోనా భాషలో అతిగా ఆలోచించడమని అర్థం. విడమర్చి అడిగితే లక్షణాలన్నీ డిప్రెషన్‌వే! జబ్బు ఉంది, డాక్టర్లు పెట్టిన పేరే జనానికి పట్టలేదు.

1996లో సహచరులతో కలిసి గోవాలో 'సంగత్' సంస్థను ప్రారంభించాక ఈ పాఠం అక్కరకొచ్చింది. కౌన్సెలర్లుగా మానసిక వైద్యం చదవని స్థానికులనే తీసుకుని తర్ఫీదునిచ్చారు. వారు డిప్రెషన్ ఊసెత్తరు. 'టెన్షన్' అంటారు. ఆ మాట పలకడానికి ఎవరికీ సిగ్గుండదు మరి. ఆరోగ్య కేంద్రానికి రాలేనంటే కౌన్సెలరే ఇంటికెళ్తారు. ధైర్యంగా ఉండండి అన్న ఉచిత సలహా ఉండదు. దిగులుతో మానేసిన పనుల్లో తేలికైనదాన్ని మళ్లీ మొదలుపెట్టిస్తారు. ఆరు నుంచి ఎనిమిది విడతల్లో ముగించేస్తారు. తీవ్ర డిప్రెషన్ ఉన్న 493 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. మూడు నెలలకు కౌన్సెలింగ్ పొందినవారిలో 64 శాతం మంది కోలుకోగా, అది లేనివారిలో 39 శాతమే.

అన్నిచోట్లా ఇలా కుదరలేదు. 2010లో వెలువడిన 'మానస్' అధ్యయనంలో ఇలాంటి కౌన్సెలింగే ప్రభుత్వ కేంద్రాల్లో ఫలించినా, ప్రైవేటు డాక్టర్ల దగ్గర చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అసలు మొండిఘటాలు మందుబాబులు. తాగుడు మానమని వారికి ఉపదేశిస్తే లేచి వెళ్లిపోతారు. అందుకే అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన పద్ధతిని సంగత్ అరువు తెచ్చుకుంది. తాగుడు వల్ల ఏం పోగొట్టుకున్నాడో ఆ మనిషి నోటే చెప్పించడం దాని కిటుకు. కౌన్సెలర్ వాదించరు, వింటారు. 377 మంది మగవాళ్లపై పరీక్షిస్తే, కౌన్సెలింగ్ పొందినవారిలో 36 శాతం, లేనివారిలో 26 శాతం మంది ప్రమాదకర స్థాయి నుంచి బయటపడ్డారు. తాగడం మాననివారి మోతాదు మాత్రం పెద్దగా తగ్గలేదు.