స్కానింగుకు నిధులు, సంరక్షణకు సున్నా
హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకు పాత గడియారం ముందు జనం గుమిగూడతారు; దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషిని ఎవరూ చూడరు. మన పండితలోకం వాడే ఆన్‌లైన్ గ్రంథాలయాలకు అలాంటి మనిషే కరువు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతే చూడండి. 2000ల తొలి ఏళ్లలో కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి వంటివారి చొరవతో, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఒక కేంద్రంగా, లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు. చదవబోతే అన్నీ టిఫ్ బొమ్మలు, బ్రౌజరుకు వేరే ప్లగిన్ తగిలించి ఒక్కో పేజీ తిప్పాల్సి వచ్చేది. తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు, ఇక వెతికితే ఏం దొరుకుతాయి! బ్రౌజర్లు మారాయి, ప్లగిన్లకు కాలం చెల్లింది, కాపీరైటు చిక్కులు తోడై 2010ల ద్వితీయార్ధంలో సైటే మూతపడింది. ఐదు లక్షలకు పైగా ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరబట్టి బతికిపోయాం. (ఆ తప్పుల పేర్లూ వాటితోపాటే వెళ్లాయి.) పాతబస్తీ ఛత్తాబజార్‌లో పాత ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌తో కూర్చిన ఉర్దూ ఫైళ్లదీ, మన అను ఫాంట్ల తెలుగు ఫైళ్లదీ ఇదే గతి: యూనికోడ్‌లోకి మార్చకపోతే అచ్చుకే తప్ప వెతుకులాటకు పనికిరావు. స్కానర్ కొంటే ప్రారంభోత్సవం ఉంటుంది, సర్వర్‌ను అప్‌డేట్ చేస్తే ఫొటో కూడా పడదు. అందుకే నా పట్టు ఒకటే. పాతబస్తీలో ఏ గ్రంథాలయం చేతిరాత ప్రతులను ఆన్‌లైన్‌లో పెడతానన్నా, మొదటి బడ్జెట్ కాగితంలోనే ప్రోగ్రామర్ జీతమూ, ఏటేటా మరోచోట నకలు దాచే ఖర్చూ ఉండాలి. లేకుంటే మంజూరు ఆపేయాలి.